మా యాసకు గొడ్డలొక్కటే దిక్కా?

'పుష్ప' (2021) మా ఇంట్లో అందరికీ నచ్చింది. అల్లు అర్జున్ మా చిత్తూరు యాస కష్టపడి నేర్చుకున్నాడు. 2023లో ఉత్తమ నటుడిగా జాతీయ అవార్డు ప్రకటించారు, తెలుగు హీరోల్లో ఆయనకే మొదట. సంతోషమే. నా గొడవ వేరే.

మా మాట తెరకెక్కాలంటే ఎర్రచందనం దుంగ మోసుకునే ఎక్కాలా? శేషాచలం కింద బతికే టీచర్లు, నర్సులు, పూలు కట్టే ఆడవాళ్లు కూడా ఇదే మాట మాట్లాడతారు కదా! రాత్రి సీరియళ్లలో ఒక్క డాక్టరమ్మైనా "యాడికి పోతా ఉండావు?" అనడం విన్నారా? నేనైతే వినలేదు.

మావోడు గడ్డం కింద చెయ్యి రాసుకుంటా పుష్ప డైలాగులు కొడతాడు. వాళ్లవ్వ "ఏందిరా, బువ్వ తిన్యావా?" అంటే మాత్రం "ఏంటి అనాలవ్వా" అని దిద్దుతాడు. ఇప్పుడు వాడి స్నేహితులొస్తే ఆమె నోరే విప్పదు.

నామిని సుబ్రమణ్యం నాయుడు 'పచ్చనాకు సాక్షిగా' ఈ మాటలోనే రాశారు. అందులో అమ్మ ఉంది, ఆకలి ఉంది, కడుపుబ్బ నవ్వుంది. గొడ్డలి పట్టిన హీరో అక్కర్లేకపోయింది.

సీరియళ్లు రాసే బాబులూ, ఒక పొద్దున మా తిరుపతి కూరగాయల మార్కెట్లో ఓ గంట నిలబడండి. పెన్ను తెచ్చుకోండి.