ఇంకొక్కసారి రాస్తే...

మొన్న రాత్రి పదకొండింటికి మా పిన్ని కూతురు బుజ్జి ఫోన్ చేసింది. "అక్కా, లాంగ్‌టర్మ్‌లో చేరనా వద్దా? నువ్వు ఎలా చెప్తే అలా" అంది. ఈసారి నీట్‌లో దానికి 438 వచ్చాయి, మొదటిసారి రాయడం. పిన్ని చేరమంటోంది. బాబాయేమో ఎంసెట్ కౌన్సెలింగ్‌లో (పేరు ఈఏపీసెట్ అయినా నోటికి ఎంసెట్టే) బైపీసీ వాళ్ళకి దొరికే సీటు ఏదో చూసుకోమంటున్నాడు. ఇద్దరికీ ఉదాహరణని నేనే. పిన్ని దృష్టిలో నేను ఏడాదిలో 120 మార్కులు పెంచుకున్న పిల్లని. బాబాయి దృష్టిలో ఏడాది పోగొట్టుకుని చివరికి బయోటెక్‌లో తేలిన పిల్లని. రెండూ నిజమే.

మన కాలేజీలో మా బ్రాంచి వాళ్ళని ఎవరినైనా కదిపి చూడండి, సగం మంది దగ్గర ఇలాంటి కథ ఒకటి ఉంటుంది. అందుకే ఇది ఇక్కడ రాస్తున్నా.

అమెరికాలో మెడికల్ స్కూలుకి మళ్ళీ అప్లై చేసేవాళ్ళు పాత ఎంక్యాట్ స్కోరుతో వెళ్ళాలా, మళ్ళీ రాయాలా అని ఆలోచించుకోవచ్చు. చాలా స్కూళ్ళు రెండు మూడేళ్ళ నాటి స్కోరు కూడా తీసుకుంటాయి. మనకా సుఖం లేదు. ఇక్కడ ఎంబీబీఎస్ సీటుకి నీట్ మార్కులు ఆ ఏడాదికే చెల్లుతాయి. మళ్ళీ ప్రయత్నిస్తా అన్నామంటే మళ్ళీ 180 ప్రశ్నల ముందు కూర్చోవాల్సిందే. ఎన్నిసార్లయినా రాయొచ్చు, 2022 నుంచి పై వయసు పరిమితి కూడా లేదు. తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. మనల్ని తినేసేది అదేనని నాకనిపిస్తుంది. మూసేస్తే నాలుగు రోజులు ఏడ్చి ఊరుకుంటాం కదా.

నా రెండో ఫలితం 2024 జూన్ 4న వచ్చింది. జూన్ 14న అనుకున్నది పది రోజుల ముందే, సరిగ్గా ఎన్నికల కౌంటింగ్ రోజున. ఇంటిల్లిపాదీ టీవీ ముందున్నారు. 552! అంతకు ముందేడు 431. నాన్న వీధి వీధంతా చెప్పేశాడు. ర్యాంకు చూసుకున్నాక గొంతు తగ్గింది. ఆ ఏడు మొదట ప్రకటించిన ఫలితాల్లో 720కి 720 తెచ్చుకున్న వాళ్ళే 67 మంది. ఆ తర్వాత గ్రేస్ మార్కుల గొడవ, లీకు గొడవ. మొత్తం పరీక్ష మళ్ళీ పెట్టక్కర్లేదని జూలై 23న సుప్రీంకోర్టు చెప్పేదాకా పుస్తకాలు తియ్యాలో అటకెక్కించాలో తెలీలేదు. మరి 2025లో? ఫిజిక్స్ పేపరు దెబ్బకి దేశం మొత్తం మీద మొదటి మార్కే 686. అందుకే "నీకు 552కే రాలేదు, నాకు 438కి ఏమొస్తుంది" అని బుజ్జి అంటే ఆ పోలిక వదిలెయ్యమన్నాను. వేరే వేరే ఏళ్ళ మార్కులు పక్కపక్కన పెట్టి ఏడవడం దండగ.

దాని ఓఎంఆర్ కాపీ, కీ తియ్యమన్నాను. బయాలజీ 312, కెమిస్ట్రీ 82, ఫిజిక్స్ 44. ఫిజిక్స్‌లో 45కి 19 ముట్టుకోలేదు. "ఈ 19లో రానివెన్ని, టైం చాలనివెన్ని?" అని అడిగా. కాసేపు చప్పుడు లేదు. తర్వాత ఒక్కొక్కటే చదువుతూ విడదీశాం, ఒంటిగంట దాటింది. పదకొండు ఇంట్లో కూర్చుని చెయ్యగలిగినవే.

ఆ లెక్క నేనెప్పుడూ వేసుకోలేదు. లాంగ్‌టర్మ్ ఏడాదిలో నా బయాలజీ 298 నుంచి 336కి, కెమిస్ట్రీ 85 నుంచి 132కి వచ్చాయి. ఫిజిక్స్ 48 నుంచి 84కి. బయటికి చెప్పుకోడానికి బానే ఉంది గానీ, నాకు బయాలజీ ఇష్టం కాబట్టి అదే మళ్ళీ మళ్ళీ చదివాను. ఫిజిక్స్ స్టడీ అవర్‌లో కూడా ఎన్సీఈఆర్టీ బయాలజీయే ఒళ్ళో ఉండేది. మేం చేరిన కోచింగ్ వాళ్ళు ఫలితం రాగానే ఫోన్ చేసి "ఇంకో నలభై పెరిగితే సీటు ఖాయం, ఫీజులో తగ్గిస్తాం" అన్నారు. ఆ నలభై ఎక్కడి నుంచి పెరగాలో వాళ్ళూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఇంట్లో ఇప్పటికీ చెప్పని సంగతి ఒకటుంది. ఇక్కడ ఫస్టియర్‌లో ఉండగా, 2025 ఫిబ్రవరిలో, హాస్టల్లో కూర్చుని మూడోసారి ఫారం నింపాను. 1700 కట్టాను. రాత్రి ల్యాబ్ రికార్డు, పొద్దున నీట్ మెటీరియల్. రెండు పడవల మీద కాళ్ళంటే ఏంటో మూడు వారాల్లో తెలిసింది, ఇంటర్నల్స్‌లో ఇంకా బాగా తెలిసింది. మే 4న సెంటరుకి వెళ్ళలేదు. ధైర్యం చాలక అనుకోండి, తెలివొచ్చి అనుకోండి. నా ఫిజిక్స్ మాత్రం ఏడాది క్రితం ఎక్కడుందో అక్కడే ఉంది.

మరి బుజ్జికి ఏం చెప్పాను? చేరమనే చెప్పాను. ఎంబీబీఎస్ ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్ళు. డాక్టర్ అవ్వాలని నిజంగా ఉన్నవాళ్ళకి ముందు ఒక ఏడు పోవడం ఏమంత నష్టం కాదు. పైగా దాని మార్కులు ఎక్కడ పోయాయో కళ్ళెదుట కనబడుతోంది. ఒక్క షరతు పెట్టాను: సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు ఫిజిక్స్ టెస్టు పేపర్లు నాకు చూపించాలి, బయాలజీవి అక్కర్లేదు. అప్పటికీ 44 దగ్గరే తిరుగుతుంటే ఇద్దరం కూర్చుని బాబాయితో మాట్లాడదాం అన్నాను. మూడోసారి, నాలుగోసారి అనేవాళ్ళతోనూ నేను ఇదే అంటా. మొన్నటికీ ఇప్పటికీ నీ చదువులో ఏం మారింది? "ఈసారి ఇంకా కష్టపడతా" అనే జవాబు నేనూ చెప్పినదే.

బాబాయికి కోపం వచ్చింది, రెండ్రోజులు నా ఫోన్ ఎత్తలేదు. ఫీజు కట్టేది ఆయన, కోపం న్యాయమే.

బుజ్జి సోమవారం చేరింది. నా ఫిజిక్స్ పుస్తకమే తీసుకెళ్ళింది. సాయంత్రం మెసేజ్ పెట్టింది: "అక్కా, రొటేషనల్ మోషన్ తర్వాత పేజీలన్నీ కొత్తగా ఉన్నాయేంటి?"