ఉచితమైన గీత, ఖరీదైన ఆలస్యం

దానమిచ్చిన ఆవుకు పళ్ళు లెక్కపెట్టకూడదని మన పెద్దల మాట. స్వేచ్ఛా సాఫ్టువేరు ఏదైనా నిదానంగా నడుస్తోందని ఎవరైనా అంటే, మన మిత్రులు తరచుగా ఈ సామెతనే జవాబుగా చెబుతూ ఉంటారు. ఊరికే వచ్చినదానికి వంకలెందుకని వారి భావం. మర్యాదకు సంబంధించినంతవరకు సామెత మంచిదే. అయితే ఆవును ఇంటికి తోలుకొని వచ్చిన తరువాత దానికి ఎంత మేత కావాలో తెలుసుకోకపోతే గృహస్థుకూ సుఖం లేదు, ఆవుకూ సుఖం లేదు.

బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్‌ను దృష్టిలో పెట్టుకొని ఈ మాట అంటున్నాను. పదవీ విరమణ తరువాత చిన్నపిల్లల కోసం అక్షరాల పటాలు, గేయపుస్తకాల అట్టలు నేను దీనితోనే గీస్తున్నాను. నా యంత్రం పాతది, నాలుగు గిగాబైట్ల జ్ఞాపకశక్తి గలది. బొమ్మ చిన్నదైనంతసేపు ఏ చిక్కూ లేదు. అక్షరాల వెనుక నీడలు, మసకలు, పారదర్శకమైన రంగులు చేరేకొద్దీ గీత కదలడానికి ఆలస్యమవుతుంది. ఈ ఆలస్యాన్ని చిన్న అసౌకర్యంగా భావించి ఊరుకోవడం సరికాదని నా అభిప్రాయం. వెల లేని సాఫ్టువేరు వెలగల యంత్రాన్ని కోరితే, ఆ వెల మరొక దారిన మన చేత కట్టించినట్లే కదా!

ఆలస్యం ఎందుకు కలుగుతుందో ముందు చూద్దాం. కంప్యూటరులో బొమ్మలు రెండు విధాలు. ఛాయాచిత్రం వంటిది చుక్కల పట్టిక. ఏ చుక్కకు ఏ రంగో ముందే నిర్ణయమై ఉంటుంది. ఇంక్‌స్కేప్ గీసే ఎస్‌వీజీ బొమ్మ అటువంటిది కాదు. అది ఆజ్ఞల వరుస. ఇక్కడ మొదలుపెట్టి, ఇలా వంగి, అక్కడ ఆగి, లోపల ఈ రంగు నింపుమని అందులో రాసి ఉంటుంది. సంస్కృతం చదువుకున్నవారికి సులభంగా చెప్పాలంటే, మొదటిది శబ్దమంజరి కంఠస్థం చేసినవాడి పద్ధతి. రెండవది సూత్రాలతో రూపసిద్ధి చేసేవాడి పద్ధతి. కంఠస్థం చేసినవాడు అడిగిన వెంటనే రూపం చెబుతాడు, కాని తాను నేర్చిన శబ్దాలకే పరిమితుడు. సూత్రాలు తెలిసినవాడు ఏ శబ్దాన్నైనా సాధిస్తాడు, కాని అడిగిన ప్రతిసారీ ప్రక్రియ అంతా నడపాలి. ఎంత పెద్దది చేసినా ఎస్‌వీజీ బొమ్మ చెదరకపోవడానికీ, తెరపైకి రావడానికి సమయం తీసుకోవడానికీ కారణం ఒక్కటే.

ఆ ప్రక్రియలో మెట్లు చాలా ఉన్నాయి. ప్రతి వక్రరేఖకూ రెండు కొనలు, వంపును నిర్ణయించే రెండు పిడులు ఉంటాయి. బెజియర్ వక్రాలని పేరుపొందినవి ఇవే. వాటిని మొదట చిన్న చిన్న సరళరేఖలుగా విరవాలి. ఆ రేఖలు తెరమీది ప్రతి చుక్కలో ఎంత భాగాన్ని కప్పుతున్నాయో లెక్కకట్టాలి. తరువాత అడుగుపొర నుంచి పైపొర వరకు ఒకదాని మీద ఒకటిగా రంగులు కలపాలి. ఒక గుంపు మొత్తానికి పారదర్శకత ఇచ్చామా, ఆ గుంపును వేరే పలకమీద గీసి తెచ్చి అతికించాలి. కత్తిరింపులు, ముసుగులు ఉంటే మరికొంత పని.

తెరలు కూడా మారాయి. 1024×768 తెరలో ఉన్నవి 7,86,432 చుక్కలు. ఈనాటి 4కే తెరలో 3840×2160, అంటే 82,94,400 చుక్కలు. పదింతలకు పైబడిన పని. ఒక్కొక్క చుక్కకు నాలుగు బైట్ల చొప్పున, తెరంత పలక ఒక్కటి వేరుగా తెరవాలన్నా మూడుకోట్ల ముప్ఫైలక్షల బైట్లకు పైగా కావాలి. యంత్రాలు వేగవంతమైనా గీత వేగవంతం కాలేదని మనకు అనిపించడంలో వింత లేదు.

అన్నిటికంటె బరువైనది మసక. ఇంక్‌స్కేప్‌లో గాసియన్ మసక 2007లో వచ్చిన 0.45 విడుదలతో చేరింది. మసక వేయడమంటే ప్రతి చుక్క రంగునూ దాని ఇరుగుపొరుగు చుక్కల రంగులతో కలిపి సగటు తీయడం. ఇరవై చుక్కల దూరం వరకు పొరుగును లెక్కలోకి తీసుకుంటే, చుట్టూ ఉన్న చతురస్రంలో 41×41, అంటే 1,681 చుక్కలను చూడాలి. ఒక్క చుక్క కోసం ఇంత శ్రమ! ఇక్కడే గణితజ్ఞులు ఒక యుక్తి కనిపెట్టారు. గాసియన్ మసకను ముందు అడ్డంగా, తరువాత నిలువుగా, రెండు విడతలుగా వేసినా ఫలితం అదే. అప్పుడు చూడవలసినవి 41, 41 కలిపి 82 మాత్రమే. కొత్త యంత్రం కొనలేదు, బొమ్మలో ఏదీ తగ్గించలేదు, పని ఇరవయ్యో వంతుకు దిగింది. వ్యాకరణ సూత్రానికి లాఘవం ప్రాణమని మేము పాఠం చెప్పేవాళ్ళం. ప్రోగ్రాము రాసేవారికీ ఆ ధర్మం వర్తిస్తుందని ఈ ఒక్క ఉదాహరణ చాలు చెప్పడానికి. వేగం ధనంతోనే వస్తుందనుకోవడం అపోహ. ఆలోచనతో కూడా వస్తుంది.

ఇంక్‌స్కేప్ చరిత్రలోనూ ఈ సంగతి కనబడుతుంది. రాఫ్ లీవియన్ రాసిన గిల్ అనే ప్రోగ్రాము నుంచి లారిస్ కప్లిన్‌స్కీ సోడిపోడి పుట్టింది. 2003లో సోడిపోడి నుంచి ఇంక్‌స్కేప్ చీలింది. చాలాకాలం పాటు ఇది పాత ఇంట్లోనుంచి తెచ్చుకున్న సొంత చిత్రణ యంత్రాంగంతోనే నడిచింది. దాని స్థానంలో కైరో అనే ఉమ్మడి గ్రంథాలయాన్ని పెట్టే పని 2010 వేసవిలో ఒక విద్యార్థి ప్రాజెక్టుగా మొదలైంది. అది వాడుకరుల చేతికి అందింది 2015 జనవరిలో, 0.91 విడుదలతో. దానితో బరువైన బొమ్మలు వేగంగా తెరుచుకోవడం మొదలైంది. కొన్ని బొమ్మలకు 0.48తో పోలిస్తే నాలుగోవంతు జ్ఞాపకశక్తే సరిపోయింది. ఫిల్టరుల లెక్కను ప్రాసెసరు కోర్లన్నీ పంచుకోవడమూ అప్పుడే వచ్చింది. 2020 మే నెలలో 1.0 వచ్చింది. తెరమీద గీసే పనినే అనేక త్రెడ్డులకు పంచిపెట్టడం 2023 జూలైలో 1.3తో సాధ్యమైంది. వేసవిలో మొదలైన పని చేతికి రావడానికి నాలుగేళ్ళు దాటిందంటే, చేసేవారి చేతులు ఎంత తక్కువో ఊహించుకోవచ్చు.

వేగం పెంచే ఉపాయాలు మూలంలో నాలుగే. మారనిదాన్ని మళ్ళీ గీయకుండా ఉండడం మొదటిది. ఒకసారి సాధించిన రూపాన్ని జ్ఞాపకం పెట్టుకోవడమే కాష్. పూర్తి రూపం సిద్ధమయ్యేలోగా పాత చిత్రాన్నే సాగదీసి చూపి, చేతికి అడ్డం రాకుండా ఉండడం రెండవది. తెరను ముక్కలుగా కోసి కోర్లకు పంచడం మూడవది. లెక్కను గ్రాఫిక్స్ కార్డుకు అప్పగించడం నాలుగవది. ఈ చివరిది వినడానికి సులభం, చేయడానికి కష్టం. త్రిభుజాలను గీయడానికి పుట్టిన కార్డుకు వక్రాల లోపలి భాగమేదో, బయటి భాగమేదో తేల్చే పని సహజం కాదు. గిల్ రాసిన ఆ రాఫ్ లీవియనే, ఇన్నేళ్ళ తరువాత, ఈ సమస్యకు పరిష్కారంగా వెలో అనే చిత్రణ యంత్రాంగం మీద పనిచేయడం విశేషం. సమస్య ఎంత లోతైనదో దీన్నిబట్టి తెలుస్తుంది.

వాడుకరులుగా మన బాధ్యత కూడా కొంత ఉంది. గీస్తున్నంతసేపు ఫిల్టరులు కనబడనక్కరలేదు. వ్యూ పట్టికలోని డిస్‌ప్లే మోడ్‌లో నో ఫిల్టర్స్ ఎంచుకుంటే మసకలు ఆగుతాయి. అవుట్‌లైన్ ఎంచుకుంటే వట్టి గీతలే మిగులుతాయి. ప్రిఫరెన్సెస్‌లోని రెండరింగ్ భాగంలో తెరమీది మసక నాణ్యతను తగ్గించుకోవచ్చు, కాష్ పరిమాణాన్ని పెంచుకోవచ్చు. పనిలేని పొరలను దాచిపెట్టాలి. ఒకే పువ్వును వందసార్లు వాడేటప్పుడు క్లోనులు పెట్టుకోవడం మంచిది. అయితే క్లోను దస్త్రాన్ని చిన్నది చేస్తుందే గాని, తెరమీద గీసే శ్రమను తగ్గించదని గుర్తుంచుకోవాలి.

తెలుగు రాసేవారికి మరొక జాగ్రత్త. అక్షరాలను ముందే పాత్‌గా మార్చవద్దు. యూనికోడ్ పాఠ్యంగా ఉన్నంతవరకు దస్త్రంలో ఉండేది అక్షరమే. మార్చిన తరువాత ప్రతి వంపూ, ప్రతి ఒత్తూ కణుపులతో సహా అందులోకి వచ్చి చేరుతుంది. మన లిపి గుండ్రనిది, వంపులకు కొదువ లేదు. అచ్చుకు పంపే ప్రతిలో మాత్రమే మార్చుకోవాలి. కాగితం మీది రాతను ట్రేస్ చేసినప్పుడు కణుపులు పుట్టలా పెరుగుతాయి. సింప్లిఫై ఆజ్ఞతో వాటిని తగ్గించవచ్చు. కాని దకారానికీ ధకారానికీ తేడా అడుగునున్న చిన్న గీతే. మితిమీరి సరళం చేస్తే ఆ గీత కరిగిపోతుంది, ధనం దనమవుతుంది. వేగం కోసం వర్ణక్రమాన్ని బలిపెట్టరాదు.

ఇంత జాగ్రత్తపడితే చాలదా, ఇంకా అడగడమెందుకని కొందరు అనవచ్చు. చాలదు. నా పూర్వ విద్యార్థి ఒకడు చిన్న పట్నంలో ఫ్లెక్సీ బ్యానరులు వేసే దుకాణం నడుపుతున్నాడు. దొంగప్రతి మానేసి ఇంక్‌స్కేప్ వాడవచ్చు కదా అని అడిగాను. "వాడానండీ మాస్టారూ, బాగానే ఉంది. కాని పెళ్ళివారు ఎదురుగా కూర్చుని పేర్లు మార్చమన్నప్పుడు, తిరుగుతున్న గుర్తును ఎంతసేపని చూపించను?" అన్నాడు. అతనికి నీతి తెలియక కాదు. అతని జీవనం నిమిషాల మీద నడుస్తోంది. స్వేచ్ఛా సాఫ్టువేరు ఓడిపోయేది సిద్ధాంతచర్చలో కాదు, ఇటువంటి నిమిషాల దగ్గర. ప్రభుత్వ పాఠశాలలో పాత యంత్రం ముందు కూర్చున్న పిల్లవాడి సంగతి చెప్పనే అక్కరలేదు. గీత చేతిని అనుసరించి కదలకపోతే, తనకు బొమ్మలు రావని వాడు నిశ్చయించుకొని లేచిపోతాడు.

మంచి యంత్రం కొనుక్కోమనే వాదం నాకు రుచించదు. అది కొనగలిగినవారి వాదం. అలాగని వేతనం లేకుండా రాత్రుళ్ళు మేలుకొని పనిచేసేవారిని నిందించడం అంతకంటె తప్పు. వారిని నేను కోరేది ఒక్కటే. కొత్త హంగులు చేర్చే ముందు, ప్రతి విడుదలకూ ఒకే బరువైన బొమ్మల సంపుటిని తీసుకొని, నాసిరకం యంత్రం మీద పెట్టి, గడియారం చూడాలి. కొలిచి చూడనిది ఎక్కడ నిదానిస్తోందో ఊహతో తెలియదు; ఊహించి బాగుచేసింది చాలాసార్లు బాగుచేయనక్కరలేని చోటే అవుతుంది.

మనం చేయగలిగింది అంతకంటె సులభం. "నెమ్మదిగా ఉంది" అన్న ఫిర్యాదు వైద్యుడి దగ్గర "బాగాలేదు" అన్నట్టిది. ఏ విడుదల, ఏ యంత్రం, ఎంత తెర, ఏ పని చేస్తే ఆగింది అన్నవి రాయాలి. ఆలస్యం చేసే దస్త్రాన్ని తీసుకొని, అందులోనుంచి ఒక్కొక్క వస్తువునూ తొలగిస్తూ, ఆలస్యం మిగిలినంత చిన్న దస్త్రాన్ని తయారుచేసి పంపాలి. ప్రోగ్రాము రాయడం రాని నావంటివాడు కూడా ఈ పని చేయగలడు. తప్పు ఉన్న పదాన్ని వాక్యంలో వేలుపెట్టి చూపడమే కదా ఇది! తెలుగు ఒత్తులతో, గుణింతాలతో నిండిన బొమ్మలు పరీక్షల సంపుటిలో ఉండాలంటే వాటిని పంపవలసినవారం మనమే. ధనం ఇవ్వగలిగినవారు సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ కన్సర్వెన్సీ ద్వారా ఇంక్‌స్కేప్‌కు విరాళం పంపవచ్చు.

మిత్రులలో చిత్రకారులున్నారు, ప్రోగ్రామరులున్నారు, పుస్తకాలు వేసేవారున్నారు. మీ దగ్గర ఇంక్‌స్కేప్‌ను ఆపివేసే బొమ్మ ఒక్కటైనా ఉండే ఉంటుంది. ఈసారి విసుక్కొని మూసేయకండి. దాన్ని పైన చెప్పినట్లు చిన్నది చేసి, నాలుగు వాక్యాల వివరంతో వారికి పంపండి.