బారిపద ఎంతో దూరం లేదు

జంషెడ్‌పూర్ కద్మాలో ఓ మిత్రుడి క్వార్టర్లో ఆదివారం రాత్రి పదిమందిమి కూర్చుని ‘ద లీస్ట్ ఆఫ్ దీజ్’ చూశాం. ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహమ్ స్టెయిన్స్ కథతో 2019లో మన థియేటర్లకు వచ్చిన సినిమా అది. మాలో చర్చికి వెళ్లేవాళ్లున్నారు, అంబేడ్కర్ బాటలో బౌద్ధం తీసుకున్న ఇంటివాళ్లున్నారు, బిష్టుపూర్ రామమందిరం తప్ప మరో గడప తెలియనివాళ్లూ ఉన్నారు. సినిమా అయ్యాక చాలాసేపు ఎవరూ లేవలేదు.

ఆ కథ ఈ ఊరికి పరాయిది కాదు. ఘాట్‌శిల, బహరాగోడా దాటితే ఒడిశాలోని బారిపద. మన టాటా ఫ్యాక్టరీ తొలినాళ్లలో కరిగిన ఇనుపరాయి బారిపద ఉన్న మయూర్‌భంజ్‌లోని గురుమహిసాని గనుల నుంచే వచ్చింది. ఆ నేల మీదే 1965 నుంచి స్టెయిన్స్ కుష్ఠురోగులకు సేవచేశాడు. 1999 జనవరి 22 రాత్రి కియోంఝర్ జిల్లా మనోహర్‌పూర్‌లో, జీపులో నిద్రపోతున్న ఆయన్నీ, పదేళ్ల ఫిలిప్‌నీ, ఆరేళ్ల తిమోతీనీ సజీవంగా తగలబెట్టారు.

సినిమా విలేకరి పాత్ర వెంట మరీ ఎక్కువసేపు నడిచింది. స్టెయిన్స్ భార్య గ్లాడిస్ దగ్గర ఇంకాస్త ఆగవలసింది. మొగుణ్ణీ ఇద్దరు కొడుకులనూ పోగొట్టుకున్న ఆ మనిషి, చంపినవాళ్లను క్షమించానంది. వాళ్లెవరూ వచ్చి అడగకముందే అంది. మమ్మల్ని కుర్చీల్లోంచి లేవనివ్వనిది ఆ మాటే.

‘‘మా దగ్గర ఇలా కుదరదు. చేసింది అనుభవించాల్సిందే, మధ్యలో కొట్టేసేవాడెవడూ లేడు’’ అన్నాడు బౌద్ధ మిత్రుడు. అంగుళిమాలుణ్ణి బుద్ధుడు క్షమించాడని మనం అలవాటుగా చెప్పుకుంటాం. మజ్ఝిమ నికాయంలోని ఆ సుత్తం చదివితే కథ వేరు. తెగిన వేళ్లను దండగా వేసుకున్న ఆ దొంగ భిక్షువయ్యాక శ్రావస్తిలో భిక్షకు వెళ్తే మట్టిపెళ్లలు, కర్రలు మీద పడ్డాయి. తల పగిలి, పాత్ర విరిగి, చీవరం చిరిగి తిరిగొచ్చాడు. ఓర్చుకో, నీ కర్మఫలం ఇక్కడే అనుభవిస్తున్నావు అన్నాడు తథాగతుడు. దారి చూపించాడు గానీ బాకీ మాఫీ చేయలేదు.

క్రైస్తవంలో క్షమ సరిగ్గా ఆ బాకీ మాఫీయే. యేసు నేర్పిన ప్రార్థన తెలుగు బైబిల్లో చదివితే అక్కడున్నది అప్పుల భాష. పదివేల తలాంతుల అప్పు వదిలేసిన రాజు కథ కూడా అదే చెబుతుంది. వదిలేయాలంటే ముందు తనకు రావలసింది ఒకటుండాలి. అందుకే అక్కడ దెబ్బతిన్నవాళ్లకు నోరుంది. అంగుళిమాలుడి కథలో నన్ను ఎప్పుడూ బాధపెట్టేది ఈ వెలితే. చనిపోయినవాళ్ల తల్లులను ఎవరూ ఏమీ అడగలేదు. వాళ్ల దుఃఖం ఆ మట్టిపెళ్లల్లోనే వినిపిస్తుంది.

అలాగని బౌద్ధం బాధితుణ్ణి గాలికి వదిలేయలేదు. రంపంతో ఒళ్లు కోస్తున్నా మనసులో ద్వేషం పుట్టనివ్వవద్దని బుద్ధుడు చెప్పాడు. దాని పేరు క్షాంతి. అది ఎదుటివాడికిచ్చే దానం కాదు, తనలో మంట ఆర్పుకోవడం. మన భాషలో ‘క్షమ’ అంటే మొదట ఓర్పే, భూమికీ ఆ పేరుంది. మన్నింపు, ఓర్పు రెండూ ఒకే మాటలో ఇమిడి ఉండగా తెలుగువాళ్లకు గ్లాడిస్ అర్థంకాకపోవడమేమిటి?

ఆమె క్షమించింది, శిక్ష మాత్రం చట్టానికి వదిలింది. 2003లో హంతకుల నాయకుడు దారాసింగ్‌కు పడ్డ ఉరిశిక్షను 2005లో ఒడిశా హైకోర్టు యావజ్జీవంగా మార్చింది. 2011లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. మనిషి మీద ద్వేషం వదిలి, పనికి ఫలితాన్ని ఆపకుండా ఉండడంలో బౌద్ధ మిత్రుడికి తన ధర్మం కనిపించింది. చర్చికి వెళ్లే మిత్రుడికి సిలువ కనిపించింది. వాళ్లిద్దరి మధ్య తీర్పు చెప్పడం మా పని కాదు. మా మాట ఒక్కటే: అంత దుఃఖంలో ఆ మాట అనగలగడం ఈ ప్రాంతంలో మా కాలం చూసిన అతిపెద్ద సాహసం.

ఆ హత్యల తర్వాత కూడా గ్లాడిస్ కూతురితో బారిపదలోనే ఉండి, 2004 దాకా కుష్ఠురోగుల ఆశ్రమాన్ని నడిపింది.