సముద్రశాస్త్రము ఎవరికొఱకు?

పండితులయొద్దనే నిలిచిన శాస్త్రము కుంచముక్రింది దీపమువంటిది. 2004 డిసెంబరు 26వ తేదిని, థాయిలాండునందలి ఫుకెట్ తీరమున, సముద్రము నురుగులెత్తి వింతగా పొంగుట చూచి, పదేండ్ల ఆంగ్లబాలిక యొకతె, రెండు వారములక్రితము భూగోళపాఠమున సునామీనిగూర్చి నేర్చినది స్మరించి తలిదండ్రులను హెచ్చరించెను. ఇంచుమించు నూఱుమంది తీరము విడిచి బ్రదికిరి.

హైదరాబాదునందలి ఇన్‌కాయిస్ అను సముద్రసమాచార కేంద్రము 2007 నుండి సునామీ హెచ్చరికలు పంపుచున్నది. ఇది మిక్కిలి శ్లాఘనీయము. అయినను, భూకంపము చేరువనే కలిగినచో హెచ్చరికకంటె ముందే అల రావచ్చును. అప్పుడు రక్షించునది ప్రజల తెలివియే. కావున సముద్రశాస్త్రమును తేటతెలుగున జాలరిపల్లెలకు అందించుట పాఠశాలల విధియని మేము తలంచుచున్నాము.

విద్యార్థులారా! తీరమున నేల గట్టిగా కంపించినను, సముద్రము హఠాత్తుగా వెనుకకు తగ్గినను, వెంటనే మెరకకు పరుగిడవలెనని ఈ సెలవులలో మీ యింటివారికి బోధింపుడు.