గూగుల్ సెర్చ్: వెబ్‌సైట్ ఒక్కటే ఉంటే సరిపోతుందా?

చిన్న వ్యాపారులకు గూగుల్ సెర్చ్‌తో కొత్త చిక్కు వచ్చిపడింది. 2007లో యూనివర్సల్ సెర్చ్ వచ్చినప్పటి నుంచే ఫలితాల్లో లింకులతో పాటు వీడియోలు, ఫొటోలు, మ్యాప్‌లు కనిపిస్తున్నాయి. 2024 ఆగస్టులో భారత్‌లో ఏఐ ఓవర్‌వ్యూస్ మొదలయ్యాక చాలా ప్రశ్నలకు జవాబు పేజీ పైభాగంలోనే దొరికిపోతోంది. దీంతో సైట్ దాకా వచ్చేవాళ్లు తగ్గుతారన్న ఆందోళన పెరిగింది.

మరి దారేంటి? పోచంపల్లి చీరలు అమ్మే షాపునే తీసుకుంటే.. నూలుకు ముడులు కట్టి రంగులద్దే వీడియో యూట్యూబ్‌లో, అడ్రస్, టైమింగ్స్ గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో, చీరల ఫొటోలు సరైన వివరణతో సైట్‌లో ఉండాలి. ప్రొఫైల్‌కు పైసా ఖర్చు లేదు. ఒక చోట కాకపోతే మరోచోట కస్టమర్ కంట పడే ఛాన్స్ ఉంటుంది.

అయితే ర్యాంక్ కోసం ఒకే లింక్‌ను వందచోట్ల అతికిస్తే మాత్రం గూగుల్ దాన్ని స్పామ్ కిందే లెక్కేస్తుంది. అప్పుడు ఉన్న ర్యాంక్ కూడా పోయే ప్రమాదం ఉంది.