పొడి అక్షరంగా మిగిలిన ఇంటిపేరు

నోయిడా సెక్టార్ 24లో వి.వి. గిరి జాతీయ కార్మిక సంస్థ ఉంది. ఆ బోర్డులోని మొదటి ‘వి’ వరాహగిరి. 1894లో బరంపురంలో పుట్టి, 1969 నుంచి 1974 వరకు రాష్ట్రపతిగా ఉన్న పెద్దాయన ఇంటిపేరు అది. నెల్లూరు జిల్లా సర్వేపల్లి ఊరి పేరును ఇంటిపేరుగా మోసిన రాధాకృష్ణన్‌కు ముందు మిగిలింది ‘ఎస్’. పాములపర్తి వెంకట నరసింహారావునైతే ఢిల్లీ ఇంగ్లిషు పత్రికలు ‘మిస్టర్ రావు’ను చేసేశాయి.

తెలుగువారు ఇంటిపేరు ముందు రాస్తారు, ఢిల్లీ దరఖాస్తులు దాన్ని చివర వెతుకుతాయి. చిక్కంతా అక్కడే.

ద్వారకలోనో గురుగ్రామ్‌లోనో పిల్లవాణ్ణి బడిలో చేర్చే రోజు చూడాలి. కాగితం మీద తండ్రి పేరు రావుతో, తల్లి పేరు లక్ష్మితో, పిల్లవాడి పేరు తేజతో ముగుస్తాయి. ముగ్గురూ ఒక ఇంటివాళ్లేనా అని గుమాస్తా అడుగుతాడు. ఎందుకొచ్చిన గొడవని సర్‌నేమ్ గడిలో రావు అనో కుమార్ అనో రాసేస్తారు. అసలు ఇంటిపేరు పొడి అక్షరమవుతుంది, వచ్చే తరానికి అదీ ఉండదు.

పోయేది చిన్నదేమీ కాదు. పల్లి, పాడు, పూడి, పర్తి అని ముగిసే ఇంటిపేర్లలో పూర్వీకుల ఊళ్లున్నాయి. ఒకే ఇంటిపేరువాళ్లను దాయాదులుగా ఎంచి సంబంధాలు కలుపుకోని కుటుంబాలు నేటికీ ఎన్నో.

17వ శతాబ్దంలో మచిలీపట్నంలో వర్తకం చేసిన డచ్చివారి ఇంటిపేర్లూ ఈ తీరువే. వాన్ డైక్‌లు కరకట్ట దగ్గరివాళ్లు, బాకర్‌లు రొట్టెలు కాల్చేవాళ్లు. వాళ్ల దేశంలో ఇంటిపేరు లేనివాళ్లు కూడా ఒకటి ఎంచుకుని నమోదు చేయించుకోవాలని 1811 ఆగస్టు 18న నెపోలియన్ ఉత్తర్వు ఇచ్చాడు. అక్కడ సర్కారు దస్తరం ఇంటిపేరును నిలబెట్టింది. ఇక్కడ ఉన్నదాన్నే తుడిచేస్తోంది.

ఆడవాళ్ల సంగతి వేరు. రాజమండ్రిలో పుట్టి, 1948లో ఢిల్లీలో ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీని నెలకొల్పిన దుర్గాబాయి పేరు పింక్ లైన్ మెట్రో స్టేషన్ మీద ఉంది. అక్కడ కనిపించేది భర్త ఇంటిపేరు దేశ్‌ముఖ్. పెళ్లయ్యాక ఏ ఇంటిపేరు ఉంచుకోవాలో ఆడపిల్ల ఇష్టానికే వదిలేయాలి.

ఉంచుకునే దారి మాత్రం కష్టమైనది కాదు. పుట్టుక నమోదు చేయించేటప్పుడే సర్‌నేమ్ గడిలో ఇంటిపేరు పూర్తిగా రాయించాలి. పేరు లేకుండా నమోదైతే 15 ఏళ్లలోపు చేర్చుకునే వీలుంది. తెలుగు పిల్లలు చదివే ఢిల్లీ బడులు హాజరుపట్టీలో పొడి అక్షరం బదులు ‘పాములపర్తి’ అనే రాయాలి, పంతులమ్మ అలాగే పిలవాలి.