అలసిన గుర్రానికి చైనా మూలికలు

తమ అమ్మాయి స్వారీ చేసే గుర్రం డీలా పడిందనీ, చైనా మూలికల పొడి పెట్టవచ్చా అనీ సభ్యులొకరు మమ్మల్ని అడిగారు.

పొడి డబ్బాలది కాని, ఆ వైద్యం పాతదే. యూ బెన్‌యువాన్, యూ బెన్‌హెంగ్ అనే అన్నదమ్ముల అశ్వవైద్య గ్రంథం 1608 నాటిది. మన శాలిహోత్రం వంటిదన్నమాట. సత్తువ తగ్గితే హువాంగ్‌చీ వేరు, జిన్సెంగ్, అతిమధురం వాడతారు. అయితే ముందు నాలుక రంగు చూసి, నాడి పట్టి, ఆ గుర్రానికి తగ్గట్టు మందు కూరుస్తారు. డబ్బా ఆ పని చేయదుగా!

మా భయమల్లా మాహువాంగ్ గురించి. అందులో ఎఫిడ్రిన్ ఉంటుంది. అది గుండెను పరుగెత్తిస్తుంది. చూసేవారికి గుర్రం కోలుకున్నట్లే ఉంటుంది. పోటీ పరీక్షలో బయటపడితే అనర్హత కూడా.

నీరసానికి మూలం పళ్లలోనో, కడుపులోని పురుగుల్లోనో ఉండవచ్చు. ముందు వెటర్నరీ డాక్టరుకు గుర్రాన్నీ, డబ్బా మీది చీటీనీ చూపించమన్నాం.